తగ్గిన బరువు మరల పెరిగినచో



తరతరములుగా బెంగుళూరులో స్థిరపడిన మన కుటుంబములకు మధుమేహము, స్థూలకాయము క్రొత్తవి కావు. వాటికై గ్యాస్ట్రిక్ బైపాస్ శస్త్రచికిత్స చేయించుకొనినవారును మనలో కలరు. కొన్ని యేండ్లకు వారి బరువు మరల పెరిగినచో, నోరు కట్టుకొనలేకపోయిరని మనవారే నిందింతురు. ఆ నింద న్యాయము కాదని మనవి చేయుచున్నాము.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్, చికావో ఇటో అను వైద్యులు 1966లో ఈ చికిత్సను ఆరంభించిరి. నేడు జఠరము పైభాగమును సుమారు 30 మిల్లీలీటర్లు పట్టు చిన్న సంచిగా చేసి, చిన్నప్రేవునకు కలుపుదురు. స్వీడన్ దేశపు దీర్ఘ పరిశీలనలో, ఈ చికిత్స పొందినవారి బరువు మొదటి రెండేండ్లలో సగటున 32 శాతము తగ్గెను. పదేండ్లకు ఆ తగ్గుదల 25 శాతమై నిలిచెను. అనగా కొంత పెరుగుట దేహధర్మమే.

మిక్కిలి పెరిగినచో కారణమును వెదకవలెను. సంచి సాగియుండవచ్చును, సంచికిని ప్రేవునకును నడిమి ద్వారము వెడల్పై యుండవచ్చును, చిరుతిండ్లు, తీపి పానీయములు మరల అలవాటై యుండవచ్చును. ముందు ఎండోస్కోపీ పరీక్షయు, ఆహార విచారణయు; పిదప పథ్యము, వ్యాయామము, మందులు. వీటితో తీరనప్పుడే రెండవ శస్త్రచికిత్సను గూర్చి ఆలోచింపవలెను. అది మొదటిదానికంటె కష్టతరము. అపాయమధికము, ఫలము తరచు అల్పము. ఏది చేసినను విటమిన్ బి12, ఇనుము, కాల్షియము యావజ్జీవము తీసికొనవలసినదే.

కావున పెండ్లి పంక్తిలో ఇంకొక్క ఒబ్బట్టని బలవంతము చేయకుందము. బరువు పెరిగినవారు సిగ్గుచే వైద్యునికి ముఖము చాటువేయుటకు మన మాటలు కారణము కారాదు.