రైలుదారి రాళ్లు



శాసనమనగానే మనకు ద్రాక్షారామ భీమేశ్వరాలయము జ్ఞప్తికి వచ్చును. రాజు పేరు, శకవత్సరము, అఖండదీపమునకు చేసిన దానము, ఇవన్నియు రాతిపై నుండుటచేతనే నేడు మనకు తెలియుచున్నవి. పరిశోధకులు తడికాగితమును రాతిపై పఱచి, కుంచెతో కొట్టి, మసి నద్ది ప్రతులు తీసిరి. అవి 1923లో దక్షిణభారత శాసనముల నాలుగవ సంపుటమున అచ్చయినవి. ఇక రాయి అరిగినను పాఠము అరుగదు.

రైలుదారి ప్రక్కనుండు రాళ్లును శాసనములే యని నా మనవి. వానికి ప్రతులు తీయువారు లేరు. ఆ పని మనము చేయవలెను.

మా రాయవరమునకు రైలు లేదు. ఒకవైపున అనపర్తి, వేఱొకవైపున రామచంద్రపురము స్టేషనులు కలవు. రామచంద్రపురము మీదుగా పోవు కాకినాడ–కోటిపల్లి దారి 1928లో ఏర్పడినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1940లో, దాని పట్టాలను ఊడదీసికొనిపోయిరి. మరల 2004లోగాని బండి నడువలేదు. నడుమ రెండు తరములవారికి అది కేవలము తాతలు చెప్పిన కథ.

బాల్యమున నేను మాతామహుల యింటికి పోవునపుడు, పాతకట్ట దగ్గఱ ఒక తూము ప్రక్కన చెక్కిన రాయి యొకటి కనబడెడిది. తాతగారు దానిని "రైలురాయి" యనెడివారు. పిదప నేను ఉపాధ్యాయుడనై ముప్పది యేండ్లు పిల్లలకు శాసనపాఠములు చెప్పితిని. ఆ రాతిని మాత్రము ఒక్కనాడును కాగితమున కెక్కింపలేదు. దారి మరల వచ్చిన తరువాత చూడబోగా రాయి లేదు. మన్నులో కలిసెనో, ఏ చాకిరేవునకు చేరెనో తెలియదు. దానిపై నున్న సంవత్సరము 1927 అగునో 1928 అగునో ఇప్పుడు ప్రమాణముగ చెప్పజాలను. ఆ తప్పు నాది. అందుచేతనే మనుమని సెల్‌ఫోను పట్టుకొని స్టేషనుల వెంట తిరుగుచున్నాను.

రాజమహేంద్రవరము కడ గోదావరిపై 1900లో తెరువబడిన హేవలాకు వంతెనకు 56 ఖానాలు. అప్పటి మద్రాసు గవర్నరు పేర వెలసి, 1997 వఱకు బండ్లను మోసినది. అంతటి వంతెనను లోకము మఱువదు. చిన్నతూముల సంగతి అట్లు కాదు. వాని గోడపై నుండు సంఖ్యయు, సంవత్సరమును పోయినచో సమస్తమును పోయినట్లే.

చదువదగినవి మఱికొన్ని కలవు. స్టేషను పేరుపలక అడుగున సముద్రమట్టమునుండి ఎత్తు వ్రాసియుండును. పట్టా ప్రక్కభాగమున కార్ఖానా పేరు, సంవత్సరము ఉబ్బెత్తుగా నుండును. పాతపట్టాలను ముక్కలు చేసి స్టేషనులలో కంచెస్తంభములుగ నాటుట కలదు. వానిని పరీక్షించినచో మీ తాతల నాటి సంవత్సరము దొరకవచ్చును.

ఇక తీయు విధము. మిట్టమధ్యాహ్నమున అక్షరములు తేలవు. ఉదయమునగాని సాయంకాలమునగాని ఎండ ఏటవాలుగ తగిలినపుడు అక్షరపు పల్లమున నీడ నిలుచును. ఆ నీడయే మనకు సిరా. ఎండ సోకని ముఖమునకు బ్యాటరీలైటును ప్రక్కనుండి చూపవలెను. సున్నము, రంగు పూయరాదు, ఇనుపబ్రష్షుతో గీకరాదు. దూరమునుండి ఒక ఫొటో, దగ్గఱనుండి ఒకటి తీయవలెను. రాయి యున్నచోటు తెలియనిచో పాఠమునకు విలువ సగము తగ్గును.

ఆ దినముననే నోటుపుస్తకమున ఊరు, కిలోమీటరు సంఖ్య, రాతి కొలత, ముఖము చూచు దిక్కు, పాఠము వ్రాసికొనవలెను. చెఱిగిన అక్షరమునకు చుక్క పెట్టవలెనే కాని ఊహించి పూరింపరాదు. లేనిది చేర్చుటకంటె ఖాళీ విడుచుట మేలు.

ఒక హెచ్చరిక. 1989 నాటి రైల్వే చట్టము ప్రకారము అనుమతిలేక పట్టాలపైకి పోవుట నేరము, ప్రాణాపాయము కూడ. స్టేషనుమాస్టరు నడిగి, ప్లాటుఫారము మీదనుండియో, గేటు కడ రోడ్డుమీదనుండియో కనబడినవే తీయుడు. కనబడనిదానిని విడిచిపెట్టుడు.

1940లో పట్టాలు పోవుట కన్నులార చూచినవారు నేడు మిక్కిలి అరుదు. మీ యూర అట్టివా రొకరున్నచో, వారు చెప్పు మాటను వారి పేరుతో, తేదీతో వ్రాసియుంచుడు. రాయి కనబడినచో ఫొటో తీయించుడు. ఇంట సెల్‌ఫోను పట్టు పిల్లవాడు ఎట్లును ఉండును. వానికి చూడవలసినది చూపుట మన వంతు. నావలె ముప్పది యేండ్లు ఆలస్యము చేయకుడు.