నడుం మాత్ర వేసుకునే ముందు



నాట్ల రోజులు. పొద్దున వంగితే పొద్దుగూకేదాకా లేచేది లేదు. రాత్రికి నడుం పట్టేస్తుంది. మెడ తిరగదు. పిల్లవాణ్ణి మందుల షాపుకు పంపుతాం. "నడుం నొప్పి మాత్రలు నాలుగు తే" అంటాం. అవి ఏం మాత్రలో అడగం.

బిగుసుకున్న కండరాన్ని వదులు చేసే మాత్రలు ఉన్నాయి. టిజానిడిన్, క్లోర్‌జోక్సాజోన్, థయోకోల్చికోసైడ్. నోరు తిరగని పేర్లే! పట్టీ మీద ఇంగ్లీషులో ఉంటాయి. అందుకని డాక్టరమ్మతో చీటీ మీద తెలుగులో రాయించుకోండి. అంకెలు మనం చదవగలం కదా. టిజానిడిన్‌లో 2 అని ఒకటి, 4 అని ఒకటి ఉంటాయి. 2 రాస్తే 4 తెచ్చుకోకూడదు.

ఈ మందు పనిచేసేది నడుం దగ్గర కాదు. మెదడు మీద, వెన్నుపాము మీద పనిచేస్తుంది. అందుకే మత్తు వస్తుంది. టిజానిడిన్ వేసుకుంటే రక్తపోటు కూడా తగ్గుతుంది. గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. ముందు మంచం మీద కూర్చోండి. తరువాత నిలబడండి. మాత్ర వేసుకుని బావి దగ్గరకు, కోత మిషను దగ్గరకు పోవద్దు. పొయ్యి దగ్గర జాగ్రత్త.

"ఒళ్లు నొప్పులకు కాస్త కల్లు తాగుతాం, దానికేముంది?" అంటారు కొందరు. ఉంది. మత్తుకు మత్తు తోడవుతుంది. ఊపిరి మందగిస్తుంది. పైగా కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం లాంటి మత్తుమందులు కలుపుతున్నారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి చాలామంది చనిపోయారు. అలాంటి కల్లు మీద ఈ మాత్ర కూడా పడితే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

కడుపుతో ఉన్నారా? పాలిస్తున్నారా? ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. సిగ్గుపడే పని లేదు. థయోకోల్చికోసైడ్ గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. మిగతావాళ్లు కూడా ఆ మాత్రను 7 రోజులకు మించి మింగవద్దని యూరపు దేశాల మందుల సంస్థ 2013లో చెప్పింది. పిల్లలు పుట్టకుండా మాత్రలు వాడేవాళ్లు అదీ చెప్పండి. వాటివల్ల టిజానిడిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ అని ఒక మాత్ర ఉంది. విరేచనాలకు, మూత్రంలో మంటకు రాస్తారు. టిజానిడిన్‌తో కలిపి దాన్ని అసలు వేసుకోకూడదు. రక్తపోటు బాగా పడిపోతుంది.

షాపులో ఇచ్చే చాలా మాత్రల్లో నొప్పి మందు కూడా కలిసే ఉంటుంది. దాని మీద ఇంకో నొప్పి మాత్ర వేస్తే కడుపులో పుండు పడుతుంది. పరగడుపున వేసుకోవద్దు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా మాత్ర ఆపి ఆస్పత్రికి వెళ్లండి. పక్షవాతం వచ్చి నెలల తరబడి టిజానిడిన్ వాడేవాళ్లు మాత్రం తమంతట తాము ఒక్కసారిగా మానకూడదు. డాక్టరు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు.

కాళ్లు తిమ్మిరెక్కి బలం పోయినా, మూత్రం ఆగిపోయినా అది మామూలు నడుం నొప్పి కాదు. ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి.

పట్టీ మీద ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని గుర్తు. మీ సంచుల్లో ఉన్న పట్టీలు తీయండి. ఎర్ర గీత ఉందేమో చూద్దాం. గడువు తేదీ కూడా చదువుదాం.