బుగ్గ నీళ్లు బోర్ల పాలు: ఫోర్ట్ స్టాక్టన్ చెప్పే పాఠం

(రైతు సంఘం కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన జిల్లా బోర్ల సంగతి ఈ తరగతిలో మిగతావాళ్లు చెబుతారు. నాకు అప్పగించిన పని ఒక బుగ్గ చరిత్ర చెప్పడం. ఆ బుగ్గ మన దేశంలోది కాదు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం పడమటి కొసన, పీకోస్ కౌంటీ అనే మెట్ట ప్రాంతంలో ఫోర్ట్ స్టాక్టన్ అనే చిన్న పట్టణం ఉంది. ఆ ఊరిని పుట్టించినవి కొమాంచీ బుగ్గలు.

మన కష్టాలు మనకుండగా అంత దూరం ఎందుకు పోవాలి అని మీలో కొందరికి అనిపించవచ్చు. రెండు కారణాలున్నాయి. అక్కడి బుగ్గను ఎండబెట్టింది ఏ ఫ్యాక్టరీయో, ఏ మహానగరమో కాదు, సాగు కోసం వేసిన బోర్లు. నష్టపోయింది కూడా సాగు చేసుకునేవాళ్లే. ఇది మొదటి కారణం. ఆ రైతులను కోర్టులో ఓడించిన సూత్రమే మన చట్టం పుస్తకంలోనూ ఉంది. ఇది రెండోది.

నలభై క్యూసెక్కుల బుగ్గ

ఫోర్ట్ స్టాక్టన్‌లో ఏడాదికి పడే వాన 350 మిల్లీమీటర్లు. మన అనంతపురం సగటు 550 పైమాటే. అంటే అనంతపురం కన్నా ఎండు నేల అది. అలాంటి చోట సున్నపురాతి పొరల్లోంచి, భూమి చీలికల గుండా నీరు దానంతట అది పైకి ఉబికి వచ్చేది. ఎంత అనుకున్నారు? సుమారు 40 క్యూసెక్కులు. రోజుకు దాదాపు పది కోట్ల లీటర్లు. మోటారు లేదు, కరెంటు లేదు, రాత్రీ పగలూ పారకమే.

మనకు బుగ్గలు కొత్త కాదు. మహానంది కోనేటి నీళ్లు కింది పొలాలకు పారడం చూసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. తాడిపత్రి గుడికి బుగ్గ రామలింగేశ్వరుడనే పేరు ఎందుకొచ్చిందో మీకు తెలుసు. బుగ్గ ఉన్నచోట గుడి వెలుస్తుంది, ఊరు వెలుస్తుంది, పంట పండుతుంది. అక్కడా అదే జరిగింది.

మొదట ఆ నీళ్లు మూలవాసులవి. మెక్సికో వైపు సాగే కొమాంచీల దారి ఈ బుగ్గల మీదుగానే పోయేది. 1859లో అమెరికా సైన్యం అక్కడ శిబిరం వేసింది. ఆ ఎడారి దారిలో మనుషులకూ గుర్రాలకూ నీళ్లు దొరికే చోటు మరి అదే. 1868లో పీటర్ గాలఘర్ అనే వ్యాపారి బుగ్గల పక్కన భూమి కొని ఊరికి ప్లాటు గీయించాడు. బుగ్గల కింది వాగు నుంచి కాలువలు తవ్వారు. 1886లో సైన్యం కోట ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఊరు మాత్రం పోలేదు. సైన్యం పోయినా నీళ్లు పోలేదు కదా!

ఇరవయ్యో శతాబ్దం నడిమికి ఆ కాలువల కింద ఆరు వేల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. దాదాపు వంద రైతు కుటుంబాలు దాని మీద బతికాయి. కాలువల మరమ్మతు, నీటి పంపకం చూసుకోవడానికి వాళ్లు ఒక నీటి జిల్లాను ఏర్పాటు చేసుకున్నారు. మన నీటి వినియోగదారుల సంఘం లాంటిదే అనుకోండి. బుగ్గల దగ్గర ఈత కొలను కట్టారు. 1936 నుంచి ఏటా వేసవిలో ఊరంతా కలిసి జలోత్సవం జరుపుకునేవారు.

ఎగువన మోటార్లు మోగాయి

1940ల చివర కథ మారింది. లోతు బావుల్లోంచి తోడే శక్తివంతమైన పంపులు అందుబాటులోకి వచ్చాయి. పట్టణానికి నైరుతి దిక్కున, బుగ్గలకు నీళ్లు వచ్చే దారిలో బెల్డింగ్ అనే ప్రాంతం ఉంది. అక్కడ అప్పటిదాకా గడ్డినేలగా ఉన్న భూముల్లో పెద్ద పెద్ద బోర్లు వేసి సాగు మొదలుపెట్టారు. వాళ్లలో ముఖ్యుడు క్లేటన్ విలియమ్స్. చమురు వ్యాపారి, పెద్ద భూస్వామి. ఫోర్ట్ స్టాక్టన్ ప్రాంత చరిత్రను పుస్తకంగా రాసింది కూడా ఆయనే. అంటే ఆ బుగ్గల విలువ తెలియని మనిషి కాదు.

1950ల మొదట్లోనే బుగ్గల ధార సన్నబడింది. కాలువ చివరి భూములకు నీళ్లు అందలేదు. తరువాత నడిమి భూములకూ అందలేదు. ఎగువ బోరు మోటారు వేస్తే దిగువ ఊట తగ్గుతోందని ఆయకట్టు రైతుల కళ్లకు కనిపిస్తూనే ఉంది. వాళ్లు తమ నీటి జిల్లా తరఫున కోర్టుకు వెళ్లారు.

కోర్టు ఏమంది?

రైతుల వాదన చాలా సూటిగా ఉంది. ‘మేము తరాలుగా ఈ నీళ్లు వాడుతున్నాం. వాగు నీటి మీద మాకు చట్టబద్ధమైన హక్కు ఉంది. బుగ్గకు వచ్చే నీళ్లే వాళ్లు మధ్యలో తోడేస్తున్నారు. వాళ్లనూ సాగు చేసుకోనివ్వండి, కానీ మా వాటా మాకు వదిలేలా ఆదేశించండి.’

1954లో ఎల్ పాసో అప్పీలు కోర్టు దీన్ని ఒప్పుకోలేదు. భూమి లోపల ఊరే నీరు ఆ భూమి యజమానిది, అది పైకి ఉబికి వచ్చిన తరువాతే దిగువ రైతుల హక్కు మొదలవుతుంది అని తేల్చింది. టెక్సాస్ సుప్రీంకోర్టు ఆ తీర్పును మార్చలేదు. దీని అర్థం ఏమిటో ఆలోచించండి. బుగ్గలోంచి బయటకు వచ్చిన చుక్క మీద రైతుకు హక్కు ఉంది. ఆ చుక్క బయటకు రాకుండా ఆపేవాడి మీద మాత్రం ఏ హక్కూ లేదు!

ఈ సూత్రాన్ని వాళ్లు ‘రూల్ ఆఫ్ క్యాప్చర్’ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే తోడుకున్నవాడిదే నీరు. టెక్సాస్‌లో ఇది 1904 నుంచి ఉంది. డెనిసన్ అనే ఊళ్లో ఒక రైల్వే కంపెనీ తన స్థలంలో ఇరవై అడుగుల వెడల్పు, అరవై ఆరు అడుగుల లోతు బావి తవ్వి, రోజుకు 25 వేల గ్యాలన్లు, అంటే సుమారు 95 వేల లీటర్లు తోడింది. పక్కనున్న ఈస్ట్ అనే ఆయన ఇంటి బావి ఎండిపోయింది. ఆయన దావా వేస్తే, కంపెనీ తన భూమిలో తాను తోడుకుంటోంది కాబట్టి నష్టపరిహారం అక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. భూమి లోపల నీరు ఎలా కదులుతుందో ఎవరికీ తెలియదు, తెలియనిదాని మీద చట్టం ఎలా చేస్తాం అన్నది అందులో ఒక కారణం.

1904లో ఆ మాట అన్నారంటే సరే. 1954లో ఎగువ పంపుకూ దిగువ బుగ్గకూ ఉన్న సంబంధాన్ని ఆ వంద కుటుంబాలు చేలో నిలబడి చూశాయి. చట్టమే చూడలేదు.

1961 నాటికి కొమాంచీ బుగ్గల పారకం ఆగిపోయింది. ఆరు వేల ఎకరాల ఆయకట్టు బీడు పడింది. రైతుల్లో చాలామంది భూములు వదిలి వెళ్లిపోయారు. ఆ బుగ్గల్లో మాత్రమే కాక చుట్టుపక్కల కొద్ది చోట్లే బతికే ఒక చిన్న చేప జాతి అక్కడ లేకుండా పోయింది. జలోత్సవం మాత్రం ఇప్పటికీ జరుగుతోంది. కొలనులోకి కుళాయి నీళ్లు నింపి జరుపుకుంటున్నారు.

కరువు మీదకు నెడితే సరిపోతుందా?

ఇక్కడ ఒక ప్రశ్న న్యాయంగా అడగాలి. 1950 నుంచి 1957 దాకా టెక్సాస్‌లో ఘోరమైన కరువు వచ్చింది. బుగ్గలు దానివల్ల ఎండిపోయి ఉండవచ్చు కదా? కరువు కొంత దెబ్బ తీసిన మాట నిజమే. కానీ 1957లో వానలు పడ్డాయి. బుగ్గలు కోలుకోలేదు సరికదా, ఆ తరువాత నాలుగేళ్లకు పూర్తిగా ఆగాయి. అంతకన్నా గట్టి సాక్ష్యం ఇంకొకటి ఉంది. 1986 తరువాత కొన్ని చలికాలాల్లో, సాగు పంపులు ఆపి ఉన్న నెలల్లో, బుగ్గలు మళ్లీ ఉబికాయి. మోటార్లు మొదలుకాగానే మళ్లీ ఆగిపోయాయి. అంటే బుగ్గ చావలేదు. దాని నీళ్లు పైన ఎవరో తోడుకుంటున్నారు, అంతే.

సాగు పేరుతో మొదలై, అమ్మకంతో ముగిసింది

అన్నింటికన్నా మనం గుర్తుపెట్టుకోవలసిన భాగం ఇది. 2009లో విలియమ్స్ కుటుంబ కంపెనీ ఆ పొలాల బోరు నీళ్లను దూరపు నగరాలకు పైపులైన్లలో అమ్ముకోవడానికి అనుమతి అడిగింది. ఏడాదికి 47,418 ఎకరా-అడుగులు, అంటే రెండు టీఎంసీల పైన. స్థానిక భూగర్భజల సంస్థ మొదట కుదరదంది. ఏళ్ల తరబడి వివాదం నడిచాక 2017లో 28,400 ఎకరా-అడుగులకు రాజీ కుదిరింది.

ఈ లెక్క మీరే వేసి చూడండి. 28,400 ఎకరా-అడుగులంటే ఒకటింపావు టీఎంసీ. నలభై క్యూసెక్కుల బుగ్గ ఏడాది పొడవునా పారితే వచ్చేది కూడా ఒకటింపావు టీఎంసీయే. వంద కుటుంబాలకు ఉచితంగా పారిన నీళ్లెంతో, ఒక్క కంపెనీ అమ్ముకోవడానికి అనుమతి పొందిన నీళ్లు అంత. సాగు పేరు చెప్పి గెలుచుకున్న హక్కు చివరికి సరుకుగా మారింది. తోడుకున్నవాడిదే నీరు అన్న సూత్రం ఎప్పుడూ చిన్న రైతును కాపాడదు. పెద్ద పంపు ఉన్నవాణ్ని కాపాడుతుంది. వాడికన్నా పెద్ద పంపు వస్తే దాన్ని కాపాడుతుంది.

మన చట్టంలోనూ అదే మాట

టెక్సాస్ కోర్టు ఈ సూత్రాన్ని ఇంగ్లండ్ నుంచి తెచ్చుకుంది. 1843లో అక్కడ బొగ్గు గని తవ్వడం వల్ల ఒక నూలు మిల్లు బావి ఎండితే, గని యజమాని తప్పు లేదన్నారు. అదే సూత్రాన్ని తెల్లదొరలు 1882లో మన ఈజ్‌మెంట్స్ చట్టంలో ఏడో సెక్షన్ కింద ఉదాహరణగా రాసిపెట్టారు. నిర్దిష్టమైన కాలువలో పారని భూగర్భజలాన్ని తన హద్దుల్లోపల సేకరించుకుని వాడుకునే హక్కు ప్రతి భూయజమానికీ ఉందని దాని సారాంశం. ఆ చట్టం మొదట అమలైన ప్రాంతాల్లో మద్రాసు రాష్ట్రం ఒకటి. అంటే మన రాయలసీమ, కోస్తా జిల్లాలు మొదటి నుంచీ దాని కిందే ఉన్నాయి.

తరువాత కొంత మార్పు వచ్చింది. 2002లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన వాల్టా చట్టం బోర్ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల కొత్తగా మోటారు బావి వేయకూడదంది. ఇది మంచిదే. కానీ ఫోర్ట్ స్టాక్టన్ కథ చూస్తే, ఊటను చంపిన పంపులు బుగ్గ పక్కన లేవు. కొన్ని మైళ్ల అవతల ఉన్నాయి. మీటర్లు కొలిచే చట్టం ఒక్కటే చాలదు.

అయితే బోరు వేసిన రైతే దోషి అంటారా? నేను అనను. చెరువులకు పూడిక తీయక, కాలువలకు నీళ్లివ్వక, మెట్ట పంటలకు ధర ఇవ్వక, బోరు తప్ప దారి లేకుండా చేసింది పాలకులు. అప్పు చేసి ఐదో బోరు వేసినవాడికి మనం నీతులు చెప్పక్కర్లేదు. వాడి ఐదో బోరు కూడా ఎండకుండా చూడాలంటే పక్కవాడితో ఒప్పందం కావాలి అని చెప్పాలి.

మనం చేయగలిగింది

మొదటిది, కొలవడం. ఆంధ్రప్రదేశ్‌లోనే 2000ల దశకంలో ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే వాన కొలిచారు, బావుల్లో నీటిమట్టం కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంటకు ఎన్ని కావాలి అని జమాఖర్చు వేసుకున్నారు. ఎవరూ బలవంతపెట్టలేదు. లెక్క కళ్లముందు కనిపిస్తే ఎవరి పంట వాళ్లే మార్చుకున్నారు. ప్రాజెక్టు అయిపోయింది కానీ ఆ పద్ధతి మనదే. కొలతాడుకు పెద్ద ఖర్చు లేదు.

రెండోది, వాగులో ఊట కాలువలు, చెలమలు, బుగ్గలు ఉన్న ప్రతి ఊళ్లో వాటి పారకాన్ని తేదీలతో రాసిపెట్టడం. రేపు వివాదం వస్తే చూపించడానికి ఆ పుస్తకం ఉండాలి.

మూడోది, సంఘం డిమాండ్. భూగర్భజలం ఏ ఒక్కరి సొత్తూ కాదు, ఆ పరీవాహకంలోని అందరి ఉమ్మడి వనరని చట్టం స్పష్టంగా చెప్పాలి. సాగు బోరు నీళ్లను ట్యాంకర్లకూ, కంపెనీలకూ అమ్మాలంటే గ్రామసభ ఒప్పుకోవాలి. నీళ్లు ఎక్కువ తాగే పంట మానుకున్న రైతుకు ఆ నష్టాన్ని ప్రభుత్వం భరించాలి. ఫోర్ట్ స్టాక్టన్‌లో కూడా ఇవాళ బుగ్గను ఏడాది పొడవునా పారించాలంటే పంపింగ్ తగ్గించే రైతులకు డబ్బు చెల్లించాలన్న ఆలోచన నడుస్తోంది. ఊట పోయిన అరవై ఏళ్లకు!

వాళ్లు కోర్టుకు వెళ్లింది ధార సన్నబడ్డాక. అప్పటికి ఎగువవాళ్ల పెట్టుబడి భూమిలో దిగిపోయింది, రాజీకి మనసు రాదు. ఎగువ రైతూ దిగువ రైతూ ఒకే చాప మీద కూర్చోవలసింది మొదటి బోరు పడే రోజున. మన ఊళ్లలో ఆ రోజు దాటిపోయి ఉంటే, రెండో మంచి రోజు ఈ నెల సంఘం సమావేశమే. మీ ఊరి బావి నీటిమట్టం కొలిచి ఆ అంకెతో సమావేశానికి రండి. మాటలు అక్కణ్ణుంచి మొదలుపెడదాం.

సెలవు.