దస్తీలో ముడేసిన మాట

కొడంగల్ అంగట్లో ఓ అవ్వ దస్తీ ముడి విప్పి చిల్లర లెక్కపెడుతుంది. పక్కనున్న మనవడు దాన్నే కర్చీఫ్ అంటాడు. ఫారసీలో 'దస్త్' అంటే చెయ్యి. చేతిగుడ్డ కనుక దస్తీ. ఎంత ముద్దైన పేరు! అలాగే ఫారసీలో విల్లు అనే అర్థమున్న 'కమాన్' ఇక్కడ ఊరి ముందరి వంపు ద్వారమైంది.

నిజాం కాలం నుంచి 1956 దాకా కొడంగల్, తాండూరు గుల్బర్గా జిల్లావి. కచేరీలో ఉర్దూ, సంతలో కన్నడం, ఇంట్లో తెలుగు. అలా ఉర్దూ వెంట వచ్చిన ఫారసీ మాటలు ఇంట్లో నిలిచాయి. ఇంగ్లండ్ ఉత్తరాన కూడా ఇలాగే వాగును ఇప్పటికీ 'బెక్' అంటారు, వెయ్యేళ్ల కిందటి నార్స్ వలసల గుర్తుగా.

2018లో హైదరాబాద్‌లో బస్తీ దవాఖానలు తెరిచాక 'దవాఖాన' అనే ఉర్దూ మాట బోర్డు మీదికెక్కింది. దస్తీకి బోర్డు లేదు. అవ్వ నోటనే వినాలి. ఈసారి అవ్వతో సంతకు పోయినప్పుడు, పిల్లలూ, దస్తీ అనే అడగండి.