పెరట్లో పువ్వు - ప్రాణానికి ముప్పు



ఈ రోజు మాట మన ఇంటి ముందు మొక్కల గురించి. గన్నేరు చెట్టు లేని ఊరు మనకు కనపడదు. నీళ్లు పొయ్యకపోయినా బతుకుతుంది. పూజకు పూలిస్తుంది. మేక ముట్టదని కంచెకు కూడా వేస్తారు. మరి మేక ఎందుకు ముట్టదు? ఆకు చేదు. చేదొక్కటే కాదు, ఆ ఆకులో విషం ఉంది.

ఒక ఇంటి సంగతి చూద్దాం. తల్లి కలుపు తియ్యను పోయింది. నాయనమ్మ వంట చేస్తోంది. నాలుగేళ్ల పిల్లవాడు పచ్చగన్నేరు చెట్టు కింద ఆడుతున్నాడు. రాలిన కాయను రాయితో కొట్టాడు. లోపలి పప్పు నమిలాడు. కాసేపటికి వాంతి చేసుకున్నాడు. నాయనమ్మ గుండె జారిపోయింది. గబగబా ఉప్పునీళ్లు కలిపింది. అప్పుడే పక్కింటి కోడలు వచ్చింది.

"వద్దు పెద్దమ్మా! ఉప్పునీళ్లు పొయ్యకు" అని చెయ్యి పట్టుకుంది.

పిల్లవాడి నోట్లో మిగిలిన ముక్కలు తీసేసింది. నీళ్లతో నోరు పుక్కిలింపించింది. 108కి ఫోన్ చేసింది. పగిలిన కాయను, ఒక కొమ్మను సంచిలో వేసింది. ఒక చీటీ రాసింది. "పచ్చగన్నేరు పప్పు. పదిన్నరకు తిన్నాడు." అంతే రాసింది. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు అవి.

ఆస్పత్రిలో డాక్టరు ఆ చీటీ చదివాడు. కాయను చూశాడు. ఏం తిన్నాడు, ఎప్పుడు తిన్నాడు అని వెతుక్కునే పని తప్పింది. వెంటనే వైద్యం మొదలుపెట్టాడు. మూడో రోజు పిల్లవాడు నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు.

వాంతి ఎందుకు చేయించకూడదు? వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పిల్లలకు ఉప్పునీళ్లే విషం కావచ్చు. వేలు పెట్టడం, సబ్బునీళ్లు తాగించడం కూడా తప్పే. స్పృహ లేనివాళ్లకు నోట్లో ఏమీ పొయ్యకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

గన్నేరు, పచ్చగన్నేరు విషం గుండె మీద పనిచేస్తుంది. గుండె కొట్టుకోవడం తప్పుతుంది. కొన్ని గంటల తర్వాత కూడా ముప్పు రావచ్చు. అందుకే "బాగానే ఉన్నాడు కదా" అని ఇంట్లో ఉంచుకోకూడదు. ఆస్పత్రిలో ఇ.సి.జి. తీసి గుండెను కనిపెట్టి చూస్తారు. విషాన్ని పీల్చే బొగ్గుపొడి మందు ఇస్తారు. అది మన పొయ్యి బొగ్గు కాదు. విరుగుడు ఇంజెక్షన్ కూడా ఉంది. కాని దాని ఖరీదు ఎక్కువ. అన్ని చోట్లా దొరకదు. కాబట్టి తొందరగా పోవడమే మన చేతిలో ఉన్న మందు.

మిగతా మొక్కల సంగతి చూద్దాం.

ఆముదం గింజలో గట్టి విషం ఉంది. గింజను నమిలితే ప్రమాదం ఎక్కువ. వాంతులు, రక్త విరేచనాలు అవుతాయి. నూనెలోకి ఆ విషం రాదు. గానుగ ఆడిన పిండిలో ఉండిపోతుంది. ఆ పిండి చేనుకు ఎరువు. పశువుకు మేత కాదు. కంచెలకు వేసే అడవి ఆముదం గింజలు తిన్నా వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

ఉమ్మెత్త తింటే నోరు ఎండిపోతుంది. కంటిపాప పెద్దదవుతుంది. మనిషి లేనివి చూస్తాడు, ఏదేదో మాట్లాడతాడు. గాలి సోకిందని కొందరు భూతవైద్యుడి దగ్గరకు తీసుకుపోతారు. అది గాలి కాదు, విషం. ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఇప్పుడు ఇళ్లలో కుండీ మొక్కలు పెరిగాయి. వాటిలో వెడల్పాటి ఆకు మీద తెల్లమచ్చలు ఉండే డైఫెన్‌బాకియా ఒకటి. దాని ఆకు నమిలితే నోరంతా మండుతుంది. పచ్చి కంద కొరికినట్టు ఉంటుంది. ఆకులో కంటికి కనపడని సూదులు ఉంటాయి. అవి గుచ్చుకుని నాలుక వాస్తుంది. నోరు కడిగి చల్లని పాలు గాని, నీళ్లు గాని ఇవ్వాలి. ఊపిరి ఆడకపోయినా, మింగలేకపోయినా ఆలస్యం చెయ్యకూడదు. ఆస్పత్రికి పోవాలి. మనీప్లాంట్ ఆకు కూడా ఇలాంటిదే. కుక్కపిల్ల, పిల్లి కొరికినా ఇదే బాధ.

జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను నలపకూడదు. మంచినీళ్లతో పావుగంటకు తగ్గకుండా కడగాలి. తర్వాత కంటి డాక్టరుకు చూపించాలి.

ఇక మన జీవాలు. వినాయకచవితి పత్రిలో గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు ఆకులు ఉంటాయి. పూజ అయ్యాక పత్రిని పశువుల ముందు వెయ్యకూడదు. పచ్చి గన్నేరును వాసన చూసి వదిలే ఆవు, ఎండుగడ్డిలో కలిసిన గన్నేరు ఆకును తినేస్తుంది. ఆకు ఎండినా విషం పోదు. కత్తిరించిన కొమ్మలు దొడ్లో పడెయ్యడం కూడా ప్రమాదమే. గుంట తీసి పూడ్చాలి. వాటిని పొయ్యిలో పెట్టకూడదు. ఆ పొగ మంచిది కాదు.

జీవం తిన్నట్టు తెలిస్తే మిగిలిన ఆకు తీసేయాలి. నీడలో కదలకుండా ఉంచాలి. తోలకూడదు, పరుగెత్తించకూడదు. గొట్టంతో నూనె, మజ్జిగ పొయ్యకూడదు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే విషానికంటే ముందే ప్రాణం తీస్తుంది. పశువుల డాక్టరును పిలవాలి. 1962కి ఫోన్ చెయ్యవచ్చు. చనిపోయిన జీవాన్ని కోసుకు తినకూడదు.

మరి ఇంటి ముందు గన్నేరు కొట్టెయ్యాలా? అక్కరలేదు. పసిపిల్లలు ఉన్న ఇంట్లో పచ్చగన్నేరు మాత్రం వద్దు. రాలిన కాయలు రోజూ ఊడ్చి పూడ్చాలి. పూలు కోసిన చేతులు కడగాలి. "ఇది చూడ్డానికే, తినడానికి కాదు" అని పిల్లలకు చెప్పాలి.

ఈ రోజు ఇంటికి పోగానే ఒక పని చెయ్యండి. మీ వాకిట్లో ఉన్న మొక్కల పేర్లు కాగితం మీద రాయండి. విషం ఉన్నవాటి కింద గీత గీయండి. ఆ పక్కనే 108, 1962 అని రాయండి. తలుపు వెనక అంటించండి. ఆ కాగితంతో ఎప్పుడూ అవసరం పడకూడదు. పడితే మాత్రం, మీ అక్షరమే మీ ఇంటి ప్రాణం కాపాడుతుంది.