ప్రజా వైద్యాలయములు - శుభ్రతా ధర్మము

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక గ్రామము తన గ్రంథాలయమును నిలుపుకొనుట సామాన్య విషయము కాదు. భవనము కట్టుటకు ఒకనాటి ఉత్సాహము చాలును. దానిని ప్రతి సాయంకాలము తెరచి, దీపము వెలిగించి, పుస్తకముల దుమ్ము దులిపి, ఇచ్చిన పుస్తకమును పద్దులో వ్రాసి, గడువునకు తిరిగి రాబట్టుట మాత్రము నిత్య వ్రతము. నేడు నాకు నిర్ణయించిన విషయము వైద్యశాస్త్ర ప్రగతి, ప్రభుత్వాసుపత్రుల సంస్కరణ. ఆ విషయమునకును ఈ నిత్య వ్రతమునకును దగ్గరి చుట్టరికము కలదు. దానిని చూపుటయే నా ఉద్దేశము.

మన వైపు పల్లెలవారికి మలక్‌పేట నగరపు తలవాకిలి వంటిది. విజయవాడ బాటను వచ్చినను, సాగరు బాటను వచ్చినను, మూసీ దాటి చాదర్‌ఘాటు చేరుటకు ముందు మలక్‌పేట తగులును. గంజికి ఉల్లిగడ్డలు తోలుకొనిపోయిన రైతులు ఆ పేటను బాగుగ నెరుగుదురు. అచట పేరుమోసిన ప్రైవేటు వైద్యశాలయు కలదు. బీదసాదలు పురుళ్లకు, జ్వరములకు పోవు ప్రభుత్వ ప్రాంతీయ ఆసుపత్రియు కలదు. ఒకే పేటలో రెండు లోకములు. నేను మాటలాడునది రెండవదానిని గూర్చి.

మొదట జరిగిన మేలును చెప్పుకొనుట న్యాయము. 2014-16 నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారము తెలంగాణములో లక్ష సజీవ ప్రసవములకు 81 మంది తల్లులు మరణించుచుండిరి. 2018-20 నాటికి ఆ సంఖ్య 43కు దిగినది. ఆ కాలముననే దేశమంతటి సగటు 130 నుండి 97కు వచ్చినది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రమున నూటికి 97 పురుళ్లు ఆసుపత్రులలోనే జరిగినవి. అందు సుమారు సగము ప్రభుత్వాసుపత్రులలో జరిగినవి. 2005లో ఆరంభమైన 108 వాహనములు, 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ, 2017లో బాలింతలకీయ మొదలిడిన కిట్లు, 2018లో హైదరాబాదున వెలసిన బస్తీ దవాఖానాలు - ఇవన్నియు ప్రజలను వైద్యాలయపు గుమ్మమువరకు తెచ్చినవి. మంత్రసాని చేతిలో, కిరసనాయిలు బుడ్డి వెలుతురులో పురుడు పోసికొన్న మన అమ్మమ్మల కాలముతో పోల్చినచో ఇది గొప్ప మార్పు.

అయితే గుమ్మము దాటి లోనికి పోయిన తరువాత ఏమగుచున్నది? ప్రశ్న అచటనే యున్నది.

2022 ఆగస్టు 25వ తేదీన ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒకే దినమున 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషనులు జరిగినవి. కొలది దినములలో నలుగురు మరణించిరి. మిగిలినవారిని నగరములోని ఆసుపత్రులకు తరలింపవలసి వచ్చెను. విచారణలో అంటుదోష నివారణయందు లోపములు బయటపడగా, పలువురు ఉద్యోగులపై ప్రభుత్వము చర్య గైకొనెను. అటుపిమ్మట ఐదు మాసములైన గడువక మునుపే, 2023 జనవరిలో, మలక్‌పేట ప్రాంతీయ ఆసుపత్రిలో శస్త్రచికిత్సచే ప్రసవించిన ఇద్దరు తల్లులు మరణించిరి. అంటుదోష భయముతో అచటి ఇతర బాలింతలను నిమ్స్ ఆసుపత్రికి తరలించిరి. ఈ స్త్రీలలో ఎవరును తీరని రోగముతో పోయినవారు కారు. ఒకరు బిడ్డను కనుటకు పోయిరి. ఒకరు ఇక బిడ్డలు చాలునని పోయిరి. ఆరోగ్యముగా నడచిపోయినవారు తిరిగి రాలేదు.

ఎవరినో ఒక్కరిని నిందించుటకు ఈ సంగతులు చెప్పుట లేదు. ఈ దుఃఖమునకు మూలమైన ప్రశ్న చాల పాతది. 1846లో హైదరాబాదున నాలుగవ నిజాము కాలములో వైద్య పాఠశాల స్థాపింపబడినది. ఆ మరుసటి యేడే, 1847లో, ఐరోపాలోని వియన్నా నగరమున సెమ్మెల్‌వైస్ అను వైద్యుడొక వింత గమనించెను. ఒకే ఆసుపత్రిలో రెండు పురిటి వార్డులుండెను. మంత్రసానులు పనిచేయు వార్డులో సూతికా జ్వరము తక్కువ. వైద్య విద్యార్థులు పనిచేయు వార్డులో మిక్కుటము. విద్యార్థులు శవపరీక్షలు చేసి అవే చేతులతో తల్లులను పరీక్షించుచుండిరి. ఆ సంవత్సరము ఏప్రిలులో వారి వార్డున నూటికి 18 మంది తల్లులు మరణించిరి. సున్నపు క్లోరిన్ నీటితో చేతులు కడిగికొనవలెనని అతడు కట్టడి చేయగా, జూను నాటికి ఆ సంఖ్య రెండుకు దిగినది. అయినను తోటి పెద్దలు అతని మాట నమ్మలేదు. తమ చేతులే మృత్యువును మోసికొనిపోవుచున్నవని ఒప్పుకొనుట వారికి కష్టమయ్యెను. అటు తరువాత 1867లో లిస్టరు మహాశయుడు కార్బాలిక్ ఆమ్లముతో పుండ్లను, పనిముట్లను శుద్ధిచేయు పద్ధతిని ప్రకటించిన పిదపనే శస్త్రచికిత్స నమ్మదగిన విద్య యయ్యెను.

నేడు సూక్ష్మజీవుల సంగతి పాఠశాల బాలురకును తెలియును. ఇక కావలసినది క్రమశిక్షణ. ఒక ఉదాహరణ చూపెదను. కత్తులు, కత్తెరలు ఆటోక్లేవు అను ఆవిరి యంత్రమున శుద్ధి యగును. మన వంటింటి ప్రెషరు కుక్కరు దానికి తమ్ముడు. మూత బిగించి, 121 డిగ్రీల వేడిలో నిర్ణీత సమయముంచవలెను. వేడి తగ్గినను, సమయము తగ్గినను శుద్ధి కాదు. కాని పైకి చూచిన పనిముట్టు తళతళలాడుచునే యుండును. కుటుంబ నియంత్రణ ఆపరేషనుకు వాడు లాపరోస్కోపు అను గొట్టపు దుర్భిణిని ఒక్కొక్క స్త్రీకి వాడిన పిదప గ్లూటరాల్డిహైడు ద్రావకమున ఇరువది నిమిషములుంచి, శుద్ధజలముతో కడుగవలెనని నియమము. ఇక లెక్క వేయుడు. ఒక్కటే పరికరమున్నచో 34 మందికి ఆ నానబెట్టుటకే పదునొకండు గంటలకు పైగా పట్టును. రెండున్నచో అందు సగము. శిబిరములలో సంఖ్యకే ప్రాధాన్యమిచ్చినచో మొట్టమొదట కోతపడునది ఈ ఇరువది నిమిషములే. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూరు ప్రాంతమున ఇట్టి శిబిరముల పిదప 13 మంది స్త్రీలు మరణించిరి. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇట్టి శిబిరములను మూడు సంవత్సరములలో నిలిపివేయవలెనని ఆదేశించెను. ఇబ్రహీంపట్నపు సంఘటన ఆ గడువు దాటిన పిదప జరిగినది. తెలివి లేక కాదు, చట్టము లేక కాదు. తెలిసినదానిని ప్రతిదినము ఆచరించు కట్టుబాటు చాలక ప్రాణములు పోయినవి.

ఇటీవలి వైద్యశాస్త్రము కూడ ఈ మాటనే చెప్పుచున్నది. క్రొత్త పరిశోధనలనగానే కోట్లు ఖరీదుచేయు యంత్రములు మన మనసున మెదలును. 2009లో ప్రకటింపబడిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో వాడిన సాధనము ఒక్క కాగితము. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆ కాగితమున 19 ప్రశ్నలున్నవి: రోగి పేరు సరిచూచితిరా? పనిముట్లు శుద్ధమైనవని నిర్ధారించితిరా? దూదిపింజలు, గుడ్డముక్కలు లెక్కించితిరా? ఎనిమిది దేశములలోని ఎనిమిది నగరములలో దీనిని పరీక్షించిరి. అందు మన ఢిల్లీ యొకటి. ఆపరేషను తరువాతి మరణములు వేయింటికి 15 నుండి 8కి దిగినవి. 2023లో వెలువడిన మరియొక పరిశోధన మన తల్లులకు మరింత దగ్గరిది. పురుటి తరువాత ఎంత రక్తము పోయెనో కంటితో అంచనా వేయుట మోసకరము. కావున కొలత గీతలు గల ఒక సంచివంటి దుప్పటిని తల్లి క్రింద పరచిరి. రక్తము గీత దాటగనే మర్దనము, మందులు, సెలైను, పరీక్ష - అన్నియు ఒకటి తరువాత ఒకటిగా గాక ఒకేసారి ఆరంభించిరి. ఆఫ్రికాలోని నాలుగు దేశములలో, 80 ఆసుపత్రులలో, రెండు లక్షలకు పైగా స్త్రీలలో ఇది పరీక్షింపబడగా, ఘోర రక్తస్రావము మొదలగు ప్రమాదములు నూటికి అరువది వంతులు తగ్గినవి. ఒక కాగితము, ఒక దుప్పటి! వీటిని కొనుటకు ఏ ప్రభుత్వమునకును ధనము చాలకుండునా?

ఇందుకు తోడు కొన్ని మంచి యత్నములు మన దేశమున జరిగినవి. 2015లో కేంద్ర ప్రభుత్వము కాయకల్ప అను పేరున శుభ్రమైన ఆసుపత్రులకు బహుమానములీయ నారంభించినది. 2017లో లక్ష్య అను పేరున పురిటి గదులను, ప్రసూతి ఆపరేషను గదులను బాగుచేయు కార్యక్రమము వచ్చినది. పెద్ద భవనములకును సంకల్పములు జరిగినవి. 2022 ఏప్రిలులో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఉండిన స్థలమున పెద్దాసుపత్రికి శంకుస్థాపన జరిగినది. 2020 జూలైలో ఉస్మానియా ఆసుపత్రి పాత భవనపు వార్డులలోనికి మురుగునీరు చొచ్చుకొనిరాగా ఆ భవనమునుండి రోగులను ఖాళీ చేయించిరి. 2025 జనవరిలో గోషామహల్‌లో క్రొత్త ఉస్మానియాకు శంకుస్థాపన చేసిరి. భవనములు కావలసినవే. కాని ఎంత గొప్ప భవనములోనైనను నర్సు చేయి కడిగికొనుటకు కుళాయిలో నీరు లేనిచో, శుద్ధిచేయు మనిషికి సమయము, జీతము, గౌరవము లేనిచో, పాలరాయి పరచినను ఫలమేమి?

మరియొక సంగతి. హైదరాబాదునకు విచారణ విషయమున ఒక గొప్ప సంప్రదాయము కలదు. మత్తుమందుగా వాడు క్లోరోఫారము వలన రోగులు ఎట్లు మరణించుచున్నారని తేల్చుటకు 1888లోను, 1889లోను ఇచట రెండు సంఘములు కూర్చున్నవి. వైద్య పాఠశాలాధిపతి ఎడ్వర్డు లారీ వాటిని నడిపెను. ఆరవ నిజాము ధనమిచ్చెను. లండనులోని లాన్సెట్ పత్రిక తన ప్రతినిధిగా లాడర్ బ్రంటన్ వైద్యుని పంపెను. శ్వాసను కనిపెట్టి చూడవలెనన్న వారి హెచ్చరిక మంచిది. గుండెకు భయము లేదన్న వారి తీర్పు మాత్రము తరువాతి పరిశోధనల యెదుట నిలువలేదు. అయినను తాము చేసినదంతయు లోకమున ప్రకటించిరి గనుకనే ఇతరులు దానిని పరీక్షించి సరిదిద్దగలిగిరి. అదే నగరమున నేడొక తల్లి మరణించినపుడు జరుగు విచారణ నివేదిక ప్రజలకు తెలియకుండుట తగునా? రోగుల పేర్లు దాచి, కారణమును మాత్రము ప్రకటించినచో ప్రక్క ఆసుపత్రి నేర్చుకొనును. మూసిపెట్టిన నివేదిక వలన ఎవరును నేర్చుకొనరు. అదే పొరపాటు వేరొక ఊరిలో పునరావృత్తమగును.

ఇక మన కర్తవ్యము. ప్రభుత్వమును అడుగువారు తామును కొన్ని నియమములు పాటింపవలెను.

మంచి ముహూర్తము చూచి కడుపుకోయించుకొను అలవాటు మానుదము. పైన చెప్పిన సర్వేలో మన రాష్ట్రమున నూటికి 60 పైగా పురుళ్లు ఆపరేషనుతో జరిగినట్లు తేలినది. ప్రైవేటు ఆసుపత్రులలో ఆ సంఖ్య 81 దాటినది, ప్రభుత్వాసుపత్రులలో 44 దాటినది. అవసరమైన ఆపరేషను ప్రాణదాత. అవసరము లేని ప్రతి కోతయు అంటుదోషమునకు తెరచిన తలుపు. బిడ్డ నక్షత్రము కొరకు తల్లి ప్రాణమును పణమొడ్డుట ఏ శాస్త్రము?

బాలింతను చూచుటకు ఊరంతయు తరలిపోవుట తగదు. ఒక్కరు తోడుండి, చేతులు సబ్బుతో కడిగికొని బిడ్డను ముట్టిన చాలును. ఇంటికి వచ్చిన పిదప నలువదిరెండు దినములలో జ్వరము, కుట్లవద్ద చీము, దుర్వాసన, అధిక రక్తస్రావము కనిపించినచో దిష్టి యని కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి పోవలెను. వైద్యుని చీటీ లేక దుకాణమున క్రిములను చంపు మందులు కొని, రెండు మాత్రలు మ్రింగి మానుట వలన క్రిములు ఆ మందునకు అలవాటుపడును. తుదకు నిజముగా ఆపదవచ్చిన బాలింతకు ఆ మందు పనిచేయదు.

అన్యాయము జరిగినదని తోచినపుడు అద్దములు పగులగొట్టి, నర్సుపై చేయిచేసికొనుట వలన మరునాటి రోగికే నష్టము. కాగితముపై అడుగుదము. 2005 నాటి సమాచార హక్కు చట్టము మన చేతనున్నది. ఆవిరి యంత్రము పరీక్షించిన పద్దు కలదా? అంటుదోష నివారణ సంఘము ఎన్నడు సమావేశమైనది? గత విచారణలో ఏమి తేలినది? ఈ మూడు ప్రశ్నలు మర్యాదగా, వ్రాతమూలకముగా, మరల మరల అడిగిన గ్రామమునకు సమాధానము వచ్చి తీరును.

ఈ పనిలో గ్రంథాలయమునకు చోటేది యందురా? 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము వెలసినపుడు చదువు ప్రజలను మేల్కొల్పునని పెద్దలు నమ్మిరి. ఆ నమ్మకమును ఆరోగ్య విషయమునకు వర్తింపజేయుదము. గర్భిణుల చేతి తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఏమి వ్రాసియున్నదో చదివి చెప్పుటకు వారమునకొక సాయంకాలము కేటాయింపుడు. సమాచార హక్కు దరఖాస్తు వ్రాయుట యువకులకు నేర్పుడు. ఆరోగ్య గ్రంథములకొక బీరువా ప్రత్యేకింపుడు. ఖర్చు స్వల్పము, కావలసినది మీరు ఇరువదియైదేండ్లుగా చూపుచున్న నిష్ఠయే.

ప్రతి సాయంకాలము పద్దు వ్రాయు గ్రంథపాలకుడును, ప్రతి ఆపరేషనుకు ముందు పనిముట్ల పద్దు సరిచూచు నర్సును ఒకే వ్రతము పట్టినవారు. వారిని గౌరవించు సమాజములో తల్లులు క్షేమముగా ఇల్లు చేరుదురు. మీ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, మలక్‌పేటకు పురుటికి పోయిన ఈ ఊరి ఆడపడుచులలో ఏ ఒక్కరును తిరిగి రాకుండలేదని మీ సంచికలో వ్రాసికొను భాగ్యము కలుగుగాక.