పోటీ చట్టం, మన మిల్లు గేటు
(గేటు మీటింగు ప్రసంగం)



పోటీ చట్టం యజమానుల తగువు, మనకేమిటి అంటారు కొందరు. 1969 నాటి ఎం.ఆర్.టి.పి. చట్టం స్థానంలో కొత్తది తేవడానికి కేంద్రం 1999లో రాఘవన్ కమిటీని వేసింది. 2000 మేలో నివేదిక వచ్చింది. కంపెనీలు కుమ్మక్కై ధరలు పెంచడాన్ని అరికట్టాలన్నారు. మంచిదే, నూలు ధర పెరిగితే మగ్గం ఆగేది మనదేగా! కానీ అదే నివేదికలో, చేనేతకున్న రిజర్వేషన్లు క్రమంగా ఎత్తేయమన్నారు. గిట్టుబాటుకాని మిల్లులు సులువుగా మూసుకునేలా 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించమన్నారు. 2002 పోటీ చట్టంలో ఈ మాటలు లేవు. ఇరవై ఏళ్లకు వేరే దారిన వచ్చాయి. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో, ఫ్యాక్టరీ మూతకు సర్కారు అనుమతి తప్పనిసరయ్యే హద్దు 100 మంది నుండి 300కు పెరిగింది. 2025 నవంబరు 21న అది అమల్లోకొచ్చింది. మీ మిల్లు మస్టరులో ఎన్ని పేర్లున్నాయో, బద్లీలవి విడిగా రాసి, ఈ వారంలోనే యూనియన్ ఆఫీసుకు అందించండి.